తోడు

"ఎన్నేళ్లు చేశారు ఆ పని?" డాక్టరమ్మ కాగితాల్లోంచి తలెత్తకుండానే అడిగింది.

"ముప్పై ఒకటి," అన్నాడాయన. "షిప్‌యార్డులో. బాయిలర్ గొట్టాలకు ఆస్బెస్టాస్ చుట్టేవాణ్ని."

"సాయంత్రం గుమ్మంలోకొస్తే మనిషేదో, పిండిబస్తా ఏదో తెలిసేది కాదమ్మా," అంది పక్కనున్న భార్య. "వీధంతా ఈయన్ని పిండిమరాయన అనేవాళ్లు. నేను పిండిమర పెళ్లాన్ని!"

డాక్టరమ్మ నవ్వింది. పిండిమరాయన నవ్వలేదు. పొద్దుటి నుంచీ ఆయనకు ముద్ద గొంతు దిగలేదు. మెసోథీలియోమా. ఊపిరితిత్తుల మీది పొరకు పట్టే క్యాన్సర్. నెలరోజులుగా వింటున్నా ఆ పేరు పలకడానికి ఇప్పటికీ నోరు తిరగడం లేదు. ఒంట్లో చేరిన ఆస్బెస్టాస్ ధూళి ఇన్నేళ్లూ కిక్కురుమనకుండా కూర్చుని, తీరా విశ్రాంతిగా ఉందామనుకున్న వేళ లేచిందట.

డాక్టరమ్మ తెల్లకాగితం మీద గుండ్రంగా ఓ కణం బొమ్మ గీసింది. "దీని లోపలికి ఎప్పుడూ కబుర్లు వెళుతుంటాయండీ. 'ఇక చాలు, ఆగు' అనే కబురు ఈ జబ్బులో తెగిపోతుంది. ఇక మిగిలేది 'పెరుగు, పెరుగు' అన్నదొక్కటే..."

"పెరుగేగా! తోడు వెయ్యడం మానేస్తే సరి," అందుకుంది భార్య. "పాలు పాలుగానే ఉంటాయి."

డాక్టరమ్మ కలం ఆగింది. "ఈ మాట రేపు మా మీటింగులో నా మాటగా చెప్పేసుకుంటాను. ఇప్పుడు మేమివ్వబోయే మాత్ర చేసే పని అదే. తోడేసే చెయ్యి పట్టుకుంటుంది."

"పట్టుకుని మళ్లీ వదలదు కదా?" అడిగాడాయన.

"ఇంకా పరీక్షిస్తున్న మందండీ. కొందరికి గడ్డ తగ్గింది, కొందరికి తగ్గలేదు. నేను మాటివ్వలేను."

"ఆ కొలువులో చేరకపోయుంటే..." అని గొణిగాడు.

"చేరకపోతే మా నాన్న పిల్లనిచ్చేవాడా? మీ అందం చూసి ఇచ్చాడనుకున్నారేమిటి!" ఆవిడ రుమాలు తీసి, చెమటలు పట్టిన ఆయన అరచెయ్యి తుడిచింది.

నర్సు ఒక మాత్ర, గ్లాసుడు నీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. మొదటిది డాక్టరు కళ్లముందే మింగాలట. ఆయన మాత్రను వేళ్లతో ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉండిపోయాడు.

"అలా గుడ్లురిమితే అదే భయపడి కరిగిపోతుంది. ఇటివ్వండి!" అంటూ లాక్కుందావిడ.

అన్నేళ్లూ ఆయన దుమ్ము బట్టలు దులిపి ఉతికి, ఆ ధూళంతా తన ఊపిరితో పీల్చుకున్న ఆవిడ, తన మాత్రను నోట్లో వేసుకుని గుటుక్కున మింగింది.