గోడ మీది ఫిడేలు

"అది అమ్మేది కాదండీ."

ఫిడేళ్ళు చేసే మేస్త్రీ తల కూడా ఎత్తకుండా చెప్పాడు. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న పెద్దమనిషి మాత్రం గోడకి వేలాడుతున్న పాత ఫిడేలు మీంచి చూపు తిప్పలేదు. ఫిడేళ్ళు చెయ్యడం నేర్పే బడి ఒకటి పై దేశంలో ఉంది. ఆ బడికి ఆయన పెద్ద. మేస్త్రీ కూతురి చేతిపని చూసి సీటిద్దామని వచ్చాడు.

"మీ అమ్మాయికి సీటిచ్చాను," అన్నాడు బడిపెద్ద, వచ్చీరాని మన భాషలో. "నేర్పినందుకు ఏమీ తీసుకోను. ప్రయాణం, తిండి, గది మీరే చూసుకోవాలి. ఇది మా బడికి అమ్మండి, అన్నీ గడిచిపోతాయి."

"మా గురువుగారి చేతిపనండీ అది."

"ఒక్కసారి ముట్టుకోవచ్చా?"

"వద్దండీ."

బడిపెద్ద నవ్వి లేచాడు. "వచ్చే వారం దాకా ఊళ్ళోనే ఉంటా. ఆలోచించుకోండి."

ఆయన మెట్లు దిగాడో లేదో, మేస్త్రీ చెల్లెలు వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చేసింది. తల్లి లేని మేనకోడల్ని పెంచింది ఆవిడే.

"అన్నయ్యా, నీకు బుర్ర ఉందా? ఇంటికొచ్చిన అదృష్టాన్ని గుమ్మం దాకా సాగనంపావే!"

"గురువుగారిదే అది."

"గురువుగారు పోయారు. పిల్ల బతికుంది. ఎవరు ముఖ్యం నీకు?"

"ఊరుకో అత్తా," అంది పిట్ట. అందరూ ఆ పిల్లని పిలిచేది అలాగే. "సాయంత్రం అది వాయించకపోతే నాన్నకి ముద్ద దిగదు. నేను వేరే దారి చూసుకుంటాలే."

"ఏం దారే? నీ బొంత ఫిడేలు అమ్ముతావా?"

పిట్టకి నవ్వాగలేదు. గోడ మీది దాన్నే చూసి, అవే కొలతలతో సొంతంగా చేసిన ఫిడేలు అది. మూయబోయే ముందు ఉలి జారి అడుగుచెక్క చీలింది. కంగారులో చేతికందిన గుడ్డముక్క లోపల జిగురుతో అతికించి, పైచెక్క మూసేసింది.

"గుడ్డముక్కట, గుడ్డముక్క! నీ చిన్నప్పుడు కళ్ళు పోయేలా నేను కుట్టిన గౌను అది. దాని మీది బొమ్మ చూసేగా నిన్ను పిట్టా అని పిలవడం మొదలెట్టారు!"

"ఒంటికాలి పిట్టే కదత్తా."

"దారం అయిపోతే నన్నేం చెయ్యమంటావే?"

మేస్త్రీ నవ్వలేదు. ఆ ఫిడేలు పూర్తయిన రోజూ అంతే. ఒక్కసారి వాయించి చూశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి, "అటక మీద పెట్టు," అని లేచిపోయాడు. బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. ఆ నోట ఒక్కసారి 'బాగుంది' అనిపించుకోవాలనే పిట్టకి పై దేశం పిచ్చి పట్టుకుంది.

మర్నాటి నుంచి పిట్ట కాళ్ళరిగేలా తిరిగింది. బ్యాంకులో హామీ ఏముందన్నారు. పాట నేర్పే టీచరమ్మ తన కష్టాలే చెప్పుకుంది. బట్టల కొట్టాయన మంచినీళ్ళిచ్చి, "ఆడపిల్లకి చెక్కపనేంటమ్మా?" అన్నాడు.

నీరసంగా ఇంటికొచ్చేసరికి గోడ మీద మేకు ఒక్కటే ఉంది.

"అత్తా, ఫిడేలేది?"

అత్త పని గది వైపు చూపించింది. తలుపు లోపల గడియ వేసి ఉంది.

"నాన్నా, అమ్మొద్దు! నేను వెళ్ళను!"

"నోరు మూసుకుని బట్టలు సర్దుకో," అంది లోపలి గొంతు. "పాత సరుకు. ఇచ్చేముందు తుడవాలి, తీగలు మార్చాలి."

తలుపు సందులోంచి పొగ వాసన, మరిగిన టీపొడి వాసన వచ్చాయి. ఆ వారమంతా మేస్త్రీ సరిగ్గా బయటికి రాలేదు. సాయంత్రాలు ఇల్లు మూగబోయింది.

"ఏడుస్తున్నాడేమోనే లోపల," అంది అత్త గుసగుసగా.

బడిపెద్ద వచ్చి ఫిడేలు అందుకుని, కళ్ళు మూసుకుని వాయించాడు. ఆపాక కూడా కళ్ళు తెరవలేదు. మేస్త్రీ రెప్పవాల్చకుండా ఆ ఫిడేలునే చూస్తున్నాడు. పిట్ట అది చూడలేక గోడవైపు తిరిగింది.

"మీ గురువుగారు మహానుభావుడు," అన్నాడు బడిపెద్ద.

"చేసిన చెయ్యి నా చేతికంటే గొప్పదండీ. అది మాత్రం అబద్ధం కాదు."

బయల్దేరే రోజు పిట్ట తండ్రి చేతులు పట్టుకుంది. "నాన్నా, నీ ఫిడేలు..."

"శుభ్రంగా నేర్చుకో," అన్నాడు. కూతురి కళ్ళలోకి మాత్రం చూడలేదు.

పై దేశంలో దిగగానే ఇంటికి ఫోన్ చేసింది. అత్త ఎత్తింది. వెనక సన్నగా ఫిడేలు వినిపిస్తోంది.

"అదేంటత్తా?"

"అదా... రేడియోనే."

"నాన్నేడీ?"

"పనిలో ఉన్నాడు. చలిగా ఉందా అక్కడ? చెవులకి గుడ్డ కట్టుకో." ఫోన్ పెట్టేసింది.

సొంత ఫిడేలు పోయి, నాన్నకి రేడియో గతి పట్టిందా!

మర్నాడు తొలి పాఠం. బడిపెద్ద బల్ల మీద నల్లగుడ్డ పరిచి ఆ ఫిడేలు పెట్టాడు. పిట్ట తల దించుకుంది.

"ఇలాంటిది ఒక్కటి చెయ్యగలిగితే మీ చదువు పూర్తయినట్టే," అన్నాడు పిల్లలతో. "నా వల్ల కాలేదు. దీన్ని చేసినాయన బతికుంటే, నేనే వెళ్ళి ఆయన దగ్గర శిష్యుడిగా చేరేవాణ్ణి."

పిట్ట వైపు తిరిగి చిన్న అద్దం, బుల్లి దీపం అందించాడు. "మీ ఇంటి వస్తువు. ముందు నువ్వే చూడు. లోపల తన గుర్తు కూడా పెట్టుకున్నాడు."

పిట్ట కళ్ళు తుడుచుకుని, ఫిడేలు పొట్ట మీది కన్నంలోంచి అద్దం లోపలికి దించింది. దీపం దగ్గరికి తెచ్చింది.

అద్దంలో ఒంటికాలి పిట్ట నిలబడి ఉంది.