పలకని పెళ్లికూతురు

"అన్నా, ముందు ఆ బండిని ఆపు. చెవుల్లో రంపం పెట్టి కోసినట్టుండాది," అంది కోమలి.

"ఆపితే మళ్లా ఒక పట్టాన స్టార్ట్ కాదు మేడమ్. లోపల యాడో ఏందో రాసుకుంటా ఉండాది. రేపు షెడ్డుకు తోల్తా," అంటూనే ఎల్లప్ప ఆటో ఆపాడు.

చంద్రగిరి దారిలో చెట్లన్నీ కీచురాళ్ల గోలతో మోగిపోతున్నాయి. కోమలి యూనివర్సిటీలో పురుగుల మీద పరిశోధన చేస్తోంది. ఎవరూ పేరు పెట్టని కీచురాయి జాతి ఒకటి ఆమెకు దొరికింది. మగవి పదకొండు ఉన్నాయి, ఆడది ఒక్కటీ లేదు. జంట చూపిస్తేనే థీసిస్ కదులుతుందని గైడు తేల్చి చెప్పేశారు. రెండు వానలు పడితే ఈ ఏటికి వీటి కాలం అయిపోయినట్టే.

"ఇంత గోలలో ఒక్క ఆడది దొరకలేదా?"

"గోలంతా మగాళ్లదే అన్నా. ఆడది నోరు మెదపదు. ఎవని పాట నచ్చితే వాని దగ్గరికి పోయి వాలతాది."

"మా ఇంట్లో లెక్క వేరేగా ఉండాదిలే. ఇంతకీ ఇది మిడతేనా?"

"కాదు. మీ తోటలో మామిడి పూత రసం పీల్చే తేనెమంచు పురుగు లేదా, దానికి పెద్దమ్మ. ఇది చెట్టుకు ముక్కు గుచ్చి తాగతాది."

"అయితే మాకు పగోళ్ల చుట్టమే," అన్నాడు ఎల్లప్ప.

కోమలి వల పట్టుకుని గంటసేపు చెట్టు చెట్టూ వెతికింది. మెడ పట్టేసింది. చివరికి ఒకటి చిక్కింది గానీ, పట్టుకోగానే గొంతు చించుకుని అరిచింది. పన్నెండో మగది. ఏడుపొచ్చినంత పనైంది. దాన్ని వదిలేసి వచ్చి ఆటోలో కూలబడింది.

"పోదాం పదన్నా. అరవనీ నీ బండిని."

ఎల్లప్ప నాలుగుసార్లు లివర్ లాగాడు. బండి కీచుమంటూ అందుకుంది. మళ్లీ ఆగిపోతుందేమోనని రేజ్ చేస్తూనే ఉన్నాడు. అంతలో చెట్టు మీంచి ఏదో వచ్చి ఆటో వెనక రేకు మీద టప్పున వాలింది.

కోమలి ఒక్క గెంతున దిగి రెండు అరచేతులతో మూసింది. అది అరవలేదు. తిరగేసి చూసింది. పొట్ట కింద మగవాటికుండే పెద్ద మూతలు లేవు. తోక కొసన గుడ్లు పెట్టే సూది ఉంది. ఆడదే! నవ్వుతూ దాన్ని డబ్బాలో పెట్టి మూత బిగించింది.

"ఇంగ తిట్టుకోవద్దు మేడమ్," అన్నాడు ఎల్లప్ప. "రేపే షెడ్డుకు తోలి, ఈ కీచు లేకుండా చేయిస్తా."

"ఆ పని మాత్రం చేయొద్దన్నా. పెళ్లికూతురికి నచ్చింది నీ బండి పాటే."