టమాటా లోడు

నాగరత్నం కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతుంటే, మదనపల్లె నుంచి ఆమె లారీ ఫోన్ చేసింది. డ్రైవర్లు లేని లారీలు వచ్చాక కిరాయి బేరాలు కూడా అవే ఆడుకుంటున్నాయి. ఆఖరి మాటకు మాత్రం యజమానిని అడుగుతాయి.

"విజయవాడకు టమాటా లోడు ఒక్కటే ఉందమ్మా. ఇంకో లారీ ఇరవై ఒక్క వేలకు వస్తానంటోంది. మనం ఇరవైకి దిగుదామా?"

ఛార్జింగు, టోలు, టైర్ల అరుగుదల కలిపితేనే పందొమ్మిది వేలు. అయినా బండి ఊరికే నిలబడటం కన్నా నయమే.

"సరే, దిగు," అంది.

మరుక్షణం ఫోన్లో మాట్లాడుతున్న పక్కింటి ఖాజాబీ గొంతు గోడ మీదుగా వినిపించింది. "ఇంకా తగ్గాలా? పందొమ్మిదిన్నరకు పోతే మాకేం మిగులుద్ది?"

నాగరత్నం లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. "వదినా, మీ బండి మదనపల్లెలో ఉందా?"

"నాలుగు రోజుల్నించీ అక్కడే పడుంది. ఇవాళ లోడు దొరికిందనుకుంటే, ఎవడో రేటు కోసేస్తన్నాడు."

"ఎవడో కాదు, నేనే."

ఖాజాబీ చెవి దగ్గరున్న ఫోన్ కిందికి దించింది.

"నువ్వు ఇరవై ఒకటి మీదే ఉండు వదినా," అని నాగరత్నం తన లారీకి ఫోన్ చేసింది. "మనం ఆ లోడు వదిలేద్దాం."

"ఇవాళ ఖాళీగా ఉంటే పార్కింగుకు ఆరు వందలు అవుతుందమ్మా. ఆ ఖర్చు దేని కింద రాయను?"

"పక్కింటోళ్ళ కింద రాయి."

"అలాంటి పద్దు లేదమ్మా."

"పెట్టు," అని ఆమె మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుంది.