వాక్కాయ పొద కొమ్మలు ముడిచిన పొద్దు

కొమ్మలన్నీ ఒకే దిక్కుకు తిరిగితేనే చెట్టుకు అందమని మీకెవరు చెప్పారు? పికిలిపిట్టకైతే కొంగ చెప్పింది.

పొగమంచులో తేలుతున్నట్టుండే ఒక వాగు ఒడ్డున వాక్కాయ పొద ఉండేది. దాని కొమ్మలు ఒకటి అటు, ఒకటి ఇటు, ఇంకొకటి నేలకేసి, ఇష్టమొచ్చినట్టు పాకేవి. వాటి నడుమ పికిలి గూడు కట్టుకుని గుడ్లు పెట్టింది.

"ఏం వదినా, మీ పొద ఎప్పుడూ తల దువ్వుకోదా?" అంది కొంగ, తెల్లటి రెక్కలు సర్దుకుంటూ.

పికిలికి తల కొట్టేసినట్టయింది. "అత్తా, ఆ కొమ్మలు కాస్త దగ్గరికి ముడుచుకోవూ. నలుగురిలో నవ్వులపాలవుతున్నాం" అని పొదను బతిమాలింది.

సగం నిద్రలో ఉన్న పొద "నీ ఇష్టం పిల్లా" అంటూ, కలలో కదిలినట్టు ఒక్కో కొమ్మనూ మెల్లగా పైకి ముడవసాగింది. మంచు కూడా దానితోపాటే పైకి లేచింది. ఎంత నాజూగ్గా ఉందోనని పికిలి మురిసిపోతుండగానే గూడు ఒరిగింది. గుడ్లు అంచుకు దొర్లాయి.

మూడు కొమ్మలు మూడు వైపులకు లాగి పట్టుకోబట్టే తన గూడు నిలిచిందని దానికప్పుడు తెలిసింది.

"వద్దత్తా, ఆగు. ఎటు పోయేవి అటే పోనీ" అంటూ రెక్కలు చాచి గుడ్లకు అడ్డుపడింది.

కొమ్మలు మళ్లీ విచ్చుకున్నాయి. గూడు బిగిసింది.

"అదేంటి వదినా, ముచ్చటగా ఉందిగా?" అంది కొంగ.

"ముచ్చటగానే ఉంది. నా పిల్లలకే చోటు లేదు" అంది పికిలి, గుడ్ల మీద సర్దుకుని కూర్చుంటూ.

మీ ఇంట్లోనో, మీ సభలోనో అందరూ ఒకవైపు లాగుతుంటే ఒక్కరు ఇంకోవైపు లాగుతారు. వాళ్ల నోరు మూయించి కూర్చోబెట్టకండి. చివరిదాకా మాట్లాడనివ్వండి.