వాసన రాని గొట్టం

పుంగనూరులో రిటైరైన కాంపౌండరు జయరత్నం ఇంటికి పొద్దున్నే హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. వచ్చీరాగానే, జయరత్నం బెంగళూరు నుంచి తెప్పించుకున్న పెన్నులాంటి పొగాకు గొట్టాన్ని టేబుల్ మీంచి తీసి సంచిలో వేసుకున్నాడు.

"అది పొగాకును కాల్చదప్పా, ఊరికే వేడి చేస్తాది. పొగ లేదు, కంపు లేదు," అన్నాడు జయరత్నం.

"ఏం లేకున్నా ఇది దేశమంతా నిషేధం సార్. బీడీకైతే అడ్డం లేదు."

"ఎవురు చెప్పినారు నీకు?"

"నేనే ఫోన్ సేసినా," అంది గుమ్మంలో నిలబడిన ఆయన భార్య విక్టోరియా.

హెడ్ కానిస్టేబుల్ ఆశ్చర్యపోయాడు. "ఇంట్లో బీడీ కంపు పోయిందని సంతోషపడాల గదమ్మా?"

"ఏం సంతోషం? సూపు పోయి ఆరేండ్లాయ నాకు. ఆ కంపును బట్టే ఈయప్ప యాడుండాడో తెలిసేది. ఈ గొట్టం వచ్చినాక, నిన్న గంటసేపు ఖాళీ కుర్చీతో కొట్లాడినా."

జయరత్నం అటక మీది పాత కట్టలోంచి ఒక బీడీ లాగి, కిటికీ దగ్గర నిలబడి ముట్టించాడు.

విక్టోరియా ముఖం సరిగ్గా కిటికీ వైపు తిరిగింది.

"ఆ, ఆడుండావా! నిన్నటి మాటకు జవాబు సెప్పు."