చిన్న పిస్టల్

1976లో గల్ఫ్‌ దేశంలోని అల్ హైల్‌లో ఒక కంపెనీ గార్డులకు పిస్టల్ కాల్చడం నేర్పేవాడు మాజీ సైనికుడు అమోసు. సాధనకు చప్పుడు తక్కువుండే చిన్న పాయింట్ టూటూ పిస్టల్‌నే ఎంచుకున్నాడు.

"పెద్ద పిస్టల్ ఎప్పుడిస్తరు సార్?" అని కొత్త గార్డు ఇస్తారి అడిగేవాడు.

"దాని చప్పుడికి నీ చెయ్యి అదురుద్దిరా. ముందు దీంతో కుదురుకో."

మేనేజర్ పట్టుబట్టడంతో ఒకరోజు పెద్దది తీయక తప్పలేదు. ఇస్తారి కాల్చాడు. తూటా సరిగ్గా గురి మధ్యలో తగిలింది.

సంబరంగా వెనక్కి తిరిగితే, అమోసు ఇసుకలో బోర్లా పడి, చెవులు మూసుకుని వణుకుతున్నాడు.

ఇస్తారి అతన్ని లేపి కూర్చోబెట్టాడు. "'తమ్ముడూ, పడుకోరా' అని మొత్తుకున్నరు సార్. మీ తమ్ముడు గూడ ఈడనే ఉన్నడా?"

"లేడురా. డెబ్బై ఒకటి యుద్ధంలో, తూటాలు దూసుకొస్తుంటే నా పక్కనే లేచి నిలబడ్డాడు."