బాణం వదిలాక అరగంట

నాన్న ఆడ ఎల్క్ దుప్పిలా కూసే రబ్బరు పీకని నోట్లో వేసుకుని నాలుక మీద సర్దుకున్నాడు. గుండె మాత్రని కూడా అలాగే సర్దుకుంటాడు, కాకపోతే అది నాలుక కింద.

ఐడహో కొండల్లో అప్పుడే తెల్లారుతోంది. సెప్టెంబరు చలి ఎముకల్లోకి దిగుతోంది.

"మూడేళ్లుగా ఈ కొండమీద నీ బాణాలన్నీ చెట్లకే తగులుతున్నాయి. ఈసారన్నా ఎల్క్‌ని కొట్టరా రస్."

"నువ్వు ఆయాసపడకుండా కూర్చో నాన్నా, అది చాలు."

"ఆ మాట మీ అమ్మ చెప్పమందా?"

అమ్మే చెప్పింది. కొండెక్కొద్దని డాక్టరు అన్నా వినని మనిషిని నాకు అప్పగించి, కంటి ముందు ఉంచుకోరా అంది. సరేనన్నాను.

కానీ ఎల్క్ వేటలో కూత వేసేవాడు వెనక ఉండాలి, విల్లు పట్టినవాడు ముందుండాలి. ఆడ ఎల్క్ గొంతు వెతుక్కుంటూ వచ్చే పోతు నన్ను దాటుకునే వెళ్లాలి. అప్పుడు వెనక్కి తల తిప్పితే వేట పోయినట్టే.

నాన్న అరవై అంగలు వెనక ఫర్ చెట్ల గుబురులో కూర్చోబోతూ ఆగాడు.

"బాణం వదిలాక?"

"అరగంట కదలను."

"ఆకాశం విరిగి మీద పడ్డా?"

"కదలను. నువ్వే వస్తావు."

పదహారేళ్లప్పుడు ఆగలేక పరిగెత్తాను. దెబ్బతిన్న పోతు బెదిరి రెండు లోయలు దాటిపోయింది. ఆరు రోజులకి దాని కళేబరం ఎక్కడుందో కాకులు చూపించాయి. ఆ చలికాలమంతా నాన్న నాతో సరిగ్గా మాట్లాడలేదు.

పీక పలికింది. సన్నగా, జాలిగా.

పై గట్టు మీంచి పోతు బదులిచ్చింది. కొమ్మలు విరుగుతున్నాయి.

పీక ఆగిపోయింది. పోతు దగ్గరికొచ్చాక ఊరుకోవడమే ఆయన విద్య.

ముప్ఫై అంగల దూరంలో అది పక్కకి తిరిగి నిలబడింది. ముక్కులోంచి ఆవిరి వస్తోంది. నారి చెంప దాకా లాగి వదిలాను.

బాణం భుజం వెనక దిగింది. పోతు ఒక్క గెంతులో చెట్ల మధ్యకి దూసుకుపోయింది.

గడియారం చూసుకుని కూర్చున్నాను.

వెనక మళ్లీ పీక పలికింది. బాణం తగిలిన జంతువు బెదిరి దూరం పోకుండా నాన్న ఎప్పుడూ చేసేదే.

కాసేపటికి ఇంకో కూత. చివర వణికింది. నిజమైన ఆడ ఎల్క్ కూడా అంత దీనంగా అరవదు.

ముసలాయనలో ఇంకా వాడి తగ్గలేదని మురిసిపోయాను. వచ్చాక ఆ మాట ఆయనతో చెప్పాలనుకున్నాను.

ఇరవయ్యో నిమిషంలో మూడోది. చాలా చిన్నది. ఆ తర్వాత గాలి ఒక్కటే.

అరగంట అయింది. నాన్న రాలేదు. ఎందుకైనా మంచిదని ఇంకో ఐదు నిమిషాలు కూర్చున్నాను.

వెనక్కి వెళ్లి చూస్తే నాన్న ఫర్ చెట్టు కింద బోర్లా పడి ఉన్నాడు. నా వైపు నాలుగు అంగలు పాకినట్టు ఆకులు చెదిరి ఉన్నాయి. మాత్రల సీసా మూత తియ్యకుండానే గుప్పిట్లో ఉంది. పీక పళ్ల మధ్య ఉంది.

చేతులు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

పోతు నలభై అంగల్లోనే పడిపోయింది. అది ఒక్క నిమిషం కూడా బతికి ఉండదు.

ఇంటికొచ్చి చెప్పాక, అమ్మ వంటింట్లో కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బాధపడ్డాడా? నీకేమన్నా వినబడిందా?"

"లేదమ్మా," అన్నాను. "ఏమీ వినబడలేదు."